ఓనీటా జ్ఞాపకార్థ కూడిక

ఆ బుధవారం పొద్దున్న వర్డెల్లా క్రచర్ పెట్టుకున్న పని ఒక్కటే. ప్రార్థన లైను అయిపోగానే కేరమెల్ కేకు మొదలుపెట్టాలి. ఆదివారం మౌంట్ నీబో చర్చిలో స్త్రీల పండుగ. పోయినేడు సిస్టర్ హార్డిమన్ తెచ్చిన కేకు ముందు తన కేకు చిన్నబోయింది. ఆ అవమానం ఆమెకు ఇంకా అరగలేదు.

తెల్లారకముందే చర్చివాళ్ళంతా ఎవరి మంచాల మీద వాళ్ళు కూర్చుని, ఒకే నంబరుకు ఫోన్ చేసి కలిసి ప్రార్థించుకుంటారు. ప్రార్థించేవాడు తప్ప మిగతావాళ్ళు తమ మాట బయటికి పోకుండా ఫోన్లో మీట నొక్కుకోవాలి. నొక్కడం మరిచారంటే ఆ ఇంటి గుట్టు వాళ్ళుండే సౌత్‌సైడ్ పేట మొత్తానికీ ఫలహారమే. డీకన్ ప్రూయిట్ రోగుల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి అప్పజెబుతుండగా, హాల్లో పాత ఫోను మోగింది. వర్డెల్లా సెల్లు దిండు మీద పెట్టింది. మీట మాత్రం నొక్కలేదు.

ఆమె భర్త రూఫస్ పాత ఫోను తీగతో సహా ఈడ్చుకొచ్చాడు. "ఎవరో ఇంగ్లండు నుంచట. ఐడలీన్స్ గురించట" అన్నాడు. అతను సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. వెనకనుంచి ఎవరేం మాట్లాడుతున్నా పట్టించుకోకుండా దారి చూసుకోవడం ఉద్యోగంలోనే అలవాటైంది. అందుకే ఐడలీన్స్ కథను అన్నేళ్ళు విని కూడా కాపురం నిలబెట్టుకోగలిగాడు.

ఆ కథేమిటంటే, వయసులో ఉండగా వర్డెల్లా, ఓనీటా, కర్లీన్ ముగ్గురూ కలిసి ఐడలీన్స్ పేరుతో గుండె కరిగించే సోల్ పాటలు పాడారు. ఒక చిన్న కంపెనీ వాటిని రికార్డు చేసింది. రికార్డు బయటికి రాకముందే కంపెనీ మూతబడింది. వాటిల్లో అసలైన పాటలో ముందుగొంతు, అంటే పాటను నడిపే గొంతు, తనదేనని వర్డెల్లా అప్పట్నుంచీ చెబుతూనే ఉంది. "ఆ రికార్డే వచ్చుంటేనా" అని మొదలుపెడితే విన్నవాళ్ళకు చెవుల్లోంచి రక్తం కారాల్సిందే.

ఫోన్లో మనిషి పేరు నెవిల్. మరుగునపడ్డ సోల్ పాటలంటే ప్రాణం పెట్టే ఇంగ్లీషువాళ్ళలో అతనొకడు. "అమ్మా, పాత లాండ్రీ ఒకటి కూలగొడుతుంటే నేలమాళిగలో మీ టేపులు దొరికాయి. శుభ్రం చేయిస్తున్నాం, నేనింకా వినలేదు. ముందుగొంతు మీదేనా?" అని అడిగాడు.

"నాది కాక ఇంకెవరిది బాబూ?"

"మిగతా ఇద్దరూ ఎక్కడున్నారండీ?"

కర్లీన్ నిజంగానే చనిపోయింది. ఓనీటా ఎక్కడుందో వర్డెల్లాకు తెలియదు. మొండిఘటం కాబట్టి బతికే ఉంటుందని అనుమానం. ఈ నెవిల్ ఆమెను వెతికి పట్టుకుంటే ఆమె ఇంకో కథ చెబుతుంది. ఇన్నాళ్ళకు వచ్చిన పేరు కాస్తా రెండు ముక్కలవుతుంది.

"కర్లీన్ పోయింది. ఓనీటా కూడా పోయింది, పాపం. మొన్ననే" అంది వర్డెల్లా. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి కదా అని ఆ 'మొన్ననే' తగిలించింది. అదే కొంప ముంచింది. దిండు మీది సెల్లులోంచి డీకన్ ప్రూయిట్ గొంతు ఖంగున వినిపించింది: "ప్రభువా, మొన్ననే నీ సన్నిధి చేరిన మా సిస్టర్ ఓనీటాను నీ రొమ్మున చేర్చుకో తండ్రీ." లైను మీదున్న వాళ్ళంతా మీటలు తీసి మరీ ఆమెన్ అన్నారు.

మౌంట్ నీబోలో చావు కబురు వినపడితే ముందు పొయ్యి వెలిగిస్తారు, ఏడుపు తర్వాత. ఓనీటా ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు, అయినవాళ్ళెవరో తెలియదు. కనుక తిండంతా తోడబుట్టినట్టు కలిసి పాడిన వర్డెల్లా ఇంటికే చేరాలని తీర్మానించుకున్నారు. కేకు గిన్నె కడిగేలోపే మొదటి పందితొడ గుమ్మంలోకొచ్చింది. దాని వెనక వేయించిన కోడి, మాకరోనీ, ఆకుకూర, మళ్ళీ పందితొడ. సిస్టర్ హార్డిమన్ కేరమెల్ కేకుతో వచ్చి వర్డెల్లాను కావిలించుకుని ఏడ్చింది. "దిగమింగుకోకు మదర్, ఏడ్చెయ్యి" అంది. చర్చిలో పెద్దామె కాబట్టి అందరూ ఆమెను మదర్ అనే పిలుస్తారు. ఆ కేకును చూసి వర్డెల్లాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి రెవరెండ్ టాలివర్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మదర్ క్రచర్, ఆమెకు నా అన్నవాళ్ళు లేరంటున్నారు. మనమే శనివారం జ్ఞాపకార్థ కూడిక పెడదాం. ఆ ఇంగ్లండు ఆయన్ని కూడా పిలిపించండి. ఆ పాట అందరం కలిసి విందాం."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వర్డెల్లా నోరు తెరిచింది కూడా. కానీ నిండిన హాలు కళ్ళ ముందు మెదిలింది. సిస్టర్ హార్డిమన్‌తో సహా అందరూ కూర్చుని తన గొంతు వింటారు. డెబ్బై దాటిన మనిషికి ఇంకో అవకాశం ఎవరిస్తారు? "అలాగే పాస్టర్ గారూ" అంది.

పాస్టరు వెళ్ళాక రూఫస్ కోడికాలు కొరుకుతూ అడిగాడు. "ఓనీటా పోయిందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పోయుంటుందని అనిపించింది."

"ఆమెకేమనిపిస్తోందో కూడా కనుక్కోవాల్సింది" అని అతను రెండో కాలు అందుకున్నాడు.

శనివారం చర్చి హాలు కిటకిటలాడింది. తెల్ల చేతితొడుగులతో చోటు చూపించే అషర్లు వచ్చినవాళ్ళకు అట్టవిసనకర్రలు, ఓనీటా పడుచునాటి ఫొటో అచ్చేసిన కాగితాలు పంచారు. కూడిక కబురుతో పాటు ఆ ఫొటో అప్పటికే ఫేస్‌బుక్‌లో ఊళ్ళు తిరిగొచ్చింది. నెవిల్ కూడా విమానం దిగి వచ్చి, శుభ్రం చేసిన టేపును తనూ అక్కడే మొదటిసారి వినాలని వేదిక పక్కన స్పీకర్లు సర్దుకుని కూర్చున్నాడు. వర్డెల్లా లేచి మాట్లాడింది. ఓనీటాకు కేటాయించింది ఒకే వాక్యం. మిగతాదంతా తన గురించే.

"నా గొంతు ఎంత పెద్దదంటే, దాన్ని మైకు పట్టలేకపోయేది. అందుకని ఒకసారి నన్ను నడవాలో నిలబెట్టి పాడించారు. ఓనీటా పాపం, పక్కన నిలబడి చక్కగా ఊగేది" అంటుండగా వెనక తలుపు తెరుచుకుంది. ఊదారంగు టోపీ పెట్టుకున్న ముసలావిడ లోపలికొచ్చి చివరి వరుసలో కూర్చుంది. అషర్ ఆవిడ చేతికి కూడా కాగితం ఇచ్చాడు. ఆవిడ తన ఫొటోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. వర్డెల్లా ఆవిణ్ణి గుర్తుపట్టి, మాట మధ్యలోనే కుర్చీలో కూర్చుండిపోయింది. నెవిల్ అది దుఃఖమనుకున్నాడు. ఇంక ఆలస్యం చెయ్యకుండా టేపు పెట్టాడు.

మొదట పాట రాలేదు. కంపెనీ యజమాని గొంతు వచ్చింది. "వర్డెల్లా, కాస్త వెనక్కి. ఇంకాస్త. ఆ నడవాలోకి వెళ్ళమ్మా." అడుగుల చప్పుడు. "వెళ్ళిందా? తలుపెయ్యండి. గడియ కూడా పెట్టండి. ఓనీటా, ఇప్పుడు నువ్వు పాడు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఓనీటా గొంతు ఎవర్నీ ఒప్పించాలని చూడని గొంతు. వదిలిపోయినవాడు తిరిగి రాడని తెలిసి కూడా వాకిలి ఊడ్చుకునే ఆడదాని పాట అది. సిస్టర్ హార్డిమన్ విసనకర్ర ఆపేసింది. డీకన్ ప్రూయిట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాట అయ్యాక రెవరెండ్ టాలివర్ లేచి, "ఇంత గొంతు మన మధ్య ఉండి వెళ్ళిపోయింది, మనకు తెలియలేదు" అని కూర్చున్నాడు.

వర్డెల్లాకు ఒళ్ళు భగ్గుమంది. తన గొంతు ఎలాగూ పోయింది, చచ్చిందన్న పుణ్యం కూడా దానికెందుకు దక్కాలి? లేచి చివరి వరుసకేసి వేలు చూపించింది. "అది చావలేదు. అదిగో కూర్చుంది. ఆ ఊదారంగు టోపీ."

జన్మలో ఒక్కసారి జనం ముందు నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. చర్చిలో సొమ్మసిల్లినవాళ్ళను చూసుకునే తెల్లబట్టల నర్సులు వచ్చి చెరో రెక్కా పట్టుకుని విసనకర్రలతో విసరసాగారు. "దుఃఖం అలాగే కనిపిస్తుంది మదర్. మా ఆయన పోయినప్పుడు నాకూ కనిపించాడు" అంది ఒకామె. పాస్టరు మాత్రం మర్యాదకు చివరి వరుసదాకా వెళ్ళి, "మీరెవరమ్మా?" అని అడిగాడు.

ఓనీటా హాలంతా ఒకసారి చూసింది. అందరూ తన కోసమే ఏడుస్తున్నారు. "పేరు గ్రేస్ పెటిఫోర్డ్. మిల్వాకీ నుంచొచ్చాను. ఆమె నాకు తెలుసు" అంది. అందులో అబద్ధం లేదు. ఆమె అసలు పేరు అదే. ఓనీటా అన్నది కంపెనీ యజమాని పాటల కోసం పెట్టిన పేరు.

భోజనాల వేళ వంటగదిలో ఇద్దరే మిగిలారు. "నేనే అని చెప్పకపోయావా? నన్ను పిచ్చిదాన్ని చేశావు కదే" అంది వర్డెల్లా.

"చెబితే పాడి చూపించమంటారు. ఈ గొంతుతో పాడితే నేను కాదని రుజువవుతుంది."

"నిజంగా నా పాటే తీసుకున్నారనుకున్నానే. తలుపేశారని నాకు తెలియదు."

"నువ్వనుకున్నావు, ఊరంతా చెప్పావు. నేను పాడింది పారేసి నీదే ఉంచారని నేనూ నమ్మాను. నా గొంతు పనికిరాదు కాబోలనుకుని ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుక్కుంటూ బతికాను. ఇంట్లో కూడా పాడలేదు వర్డెల్లా. నా పిల్లలకు జోలపాట తెలియదు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే వర్డెల్లా ఏదో ఒకటి అనేది. కేకు ముక్క కోసి ఆమె పళ్ళెంలో పెట్టింది. ఓనీటా తిని, "ఇది చాలా బాగుంది. నువ్వే చేశావా?" అంది.

"హార్డిమన్ చేసింది" అంది వర్డెల్లా.

అప్పుడే నెవిల్ కెమెరాతో లోపలికొచ్చాడు. రికార్డు అట్ట మీదికి ఫొటో కావాలన్నాడు. ఐడలీన్స్‌లో బతికున్నది వర్డెల్లా ఒక్కతే కదా అన్నాడు. "ఊదారంగు టోపీ అమ్మా, మీరు కొంచెం వెనక్కి జరుగుతారా?"

"ఆవిణ్ణి కూడా ఉండనీ బాబూ. కావాలంటే నేను తప్పుకుంటా" అంది వర్డెల్లా. ఆమె మనస్ఫూర్తిగా అన్న కొద్ది మాటల్లో అదొకటి.

"అట్ట మీద పాడినవాళ్ళే ఉండాలండీ" అన్నాడు నెవిల్ నొచ్చుకుంటూ. ఓనీటా పళ్ళెం పట్టుకుని వెనక్కి జరిగింది. రికార్డు ఆ ఏడే వచ్చింది, పేరు కూడా బాగానే వచ్చింది. అట్ట మీద వర్డెల్లా ఒక్కతే ఉంటుంది. అంచున ఓనీటా మోచెయ్యి కాస్త పడింది గానీ, అచ్చు వేసేముందు దాన్ని కత్తిరించారు.