క్రాపుగారి ప్రైవేటు విండో

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన తలుపులన్నిటిలోకీ మహత్తరమైనది బ్రౌజరులోని ప్రైవేటు విండో. దానికి గొళ్లెం లేదు, తాళం లేదు, గోడలు అసలే లేవు. అయినా లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడూ నిశ్చింతగా చొక్కా విప్పేస్తాడు.

నీటి మీటర్ల ఫిర్యాదుల విభాగంలో పనిచేసే ఒక సీనియర్ గుమాస్తా ఆ నిశ్చింతాపరుల్లో అగ్రగణ్యులు. ఆఫీసులో అందరూ ఆయన్ని క్రాపుగారనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన క్రాపు అలాంటిది మరి. తర్వాత క్రాపు మెల్లగా సెలవు తీసుకుంది, పేరు మాత్రం పర్మనెంటయింది.

ఈసారి విభాగం గ్రూపు ఫొటోను వరండాలో శాశ్వతంగా తగిలిస్తారని తెలియగానే క్రాపుగారి గుండెల్లో రాయి పడింది. బోడితలతో గోడెక్కడం ఆయన వల్ల కాదు. విగ్గు కొనాలి. కొన్నట్టు పురుగుకైనా తెలియకూడదు. విగ్గని తెలిసిపోయాక అది విగ్గేమిటి, టోపీ.

అందుకని అందరూ భోజనాలకు లేచాక ఆఫీసు కంప్యూటరులో ప్రైవేటు విండో తెరిచారు. తెర నల్లబడింది. మధ్యలో టోపీ, కళ్లద్దాలు పెట్టుకున్న బొమ్మ. తల కప్పుకున్న మనిషి కనబడేసరికి ఆయనకు అయినవాణ్ణి చూసినట్టయింది. కింద చిన్న అక్షరాల్లో ఏవో నాలుగు వాక్యాలు ఉన్నాయి. (చిన్న అక్షరాలు చదవడం పైఅధికారుల పని. వారు ఆ పనిని కిందివారికి అప్పగిస్తారు.) వారం పాటు ఆయన తనివితీరా విగ్గులు చూశారు: దువ్వదగినవి, తలంటు పోయదగినవి, ఎంత గాలికైనా చలించనివి.

ఒకరోజు నెట్‌వర్కు ఇంజనీరమ్మ ఆయన బల్ల దగ్గర ఆగింది.

"సార్, ఆ పక్కపాపిడి రకం వద్దండి. చెమట పడితే జారిపోతుందట. కొన్నవాళ్లే రాశారు."

క్రాపుగారు రెండు చేతులతో తెరను కప్పేశారు. "నేను ప్రైవేటులో చూశానమ్మా."

"నిజమే సార్. మీ తర్వాత ఈ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లకి మీరేం చూశారో కనపడదు. కానీ ఇది ఆఫీసు నెట్టు కదా. మీరెక్కడికెళ్లినా మా గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. ఆ విగ్గుల కొట్టువాళ్లకీ తెలుస్తుంది."

"ఈ కుర్చీలో నేను తప్ప ఎవరు కూర్చుంటారమ్మా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఆ విండో మీ దగ్గర్నుంచే భద్రంగా దాచింది సార్."

జీవితమంతా ఫిర్యాదుల విభాగంలో గడిపిన మనిషి, కష్టం వస్తే ఏం చేస్తాడు? క్రాపుగారు వెళ్లి అధికారికి ఫిర్యాదు చేశారు.

అధికారి వెన్నలా కరిగిపోయారు. "మీ రహస్యం ఇకనుంచి మన విభాగం రహస్యం. నాకొదిలేయండి," అన్నారు. సాయంత్రానికల్లా గోప్యతా పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. మొదటి సమావేశంలోనే మీటర్ల ఇన్‌స్పెక్టరు లేచి, "ఏం కాపాడాలో తెలీకుండా ఎలా కాపాడతామండీ?" అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే కాబట్టి చెప్పారు. సభ్యులు కానివారు తెలియక నోరు జారే ప్రమాదం ఉన్నందున రెండో సమావేశం తర్వాత వారికీ చెప్పారు. క్యాంటీనాయనకూ, డ్రైవరుకూ, వాచ్‌మనుకూ విడివిడిగా చెప్పి, ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించుకున్నారు. ఫిర్యాదుల వరుసలో నిలబడ్డ జనానికి మైకులో చెప్పారు. (సౌండు తగ్గించే చెప్పారు. గోప్యత కదా.) క్రాపుగారి కనుబొమలకు పైన చూపు నిలపరాదని నిబంధన కూడా పెట్టారు.

ఇక ఇల్లు మిగిలింది. అధికారి స్వయంగా క్రాపుగారి భార్యకు ఫోను చేశారు.

"నాకెప్పుడో తెలుసండీ," అందావిడ. "ఫోను తెరిస్తే విగ్గుల ప్రకటనలు, టీవీ పెడితే విగ్గుల ప్రకటనలు. నా జుట్టు పలచబడిందని నాకోసమే వెతుకుతున్నారనుకుని ఆయనతో మాటలు కూడా మానేశాను." (క్రాపుగారు ఇంట్లోనూ ప్రైవేటుగానే చూశారు. కాకపోతే కొట్టు మర్యాదగా అడిగిందని ఫోను నంబరూ ఇంటి చిరునామా ఇచ్చారు.)

ఫొటో రోజు పొద్దున్నే క్రాపుగారు విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. అందరికీ తెలిస్తే తెలిసింది, బాగున్నారని ఎవరైనా ఒక్కమాట అంటే చాలనుకున్నారు.

వాచ్‌మను ఆయన చెప్పులకు సలాం కొట్టాడు. అధికారి ఆయన చొక్కా గుండీతో మాట్లాడారు. క్యాంటీనాయన టీ గ్లాసును తడుముకుంటూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. క్రాపుగారు ఇంజనీరమ్మ గది ముందు రెండుసార్లు తచ్చాడి, ఆఖరికి సిగ్గు విడిచి అడిగేశారు.

"ఎలా ఉన్నానమ్మా?"

ఆమె నేలకేసి చూసింది. "చొక్కా బాగుంది సార్."

క్రాపుగారికి ఏడుపొచ్చినంత పనయింది. అయినా ఫొటోలో మాత్రం మనసారా నవ్వారు.

వారం తర్వాత వరండాలో ఫొటో వెలసింది. విభాగమంతా నిలువెత్తున నవ్వుతోంది. క్రాపుగారు కనుబొమల దాకా నవ్వుతున్నారు. ఆపైన నల్లటి చతురస్రం. కింద చిన్న అక్షరాల్లో ఏదో అచ్చు వేశారు. ఈసారి క్రాపుగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివారు:

"ఎడమ నుంచి నాలుగవ వారి విగ్గు, గోప్యతా కారణాల వల్ల ప్రదర్శించబడలేదు."