నాలుగు ఆటల మధ్య బడి

శుక్రవారం మ్యాట్నీ అయిపోయి తెర మీద 'శుభం' పడ్డాక, ఆ సినిమాలో పత్తిచేలో పనిచేసే పదకొండేళ్ళ సుంకులమ్మ తెర దిగి, కుర్చీల మధ్యగా నడుచుకుంటూ వచ్చి, గేటు దగ్గర నిలబడ్డ మేనేజరు మద్దిలేటిని బడి యాడుందని అడిగింది.

మద్దిలేటికి ముందు విసుగొచ్చింది. ఫస్టు షోకి ఇంకా గంటే ఉంది. ఆయన పంపిణీదారుకి ఫోను చేశాడు. నటించిన పిల్ల హైదరాబాదులో తన ఇంట్లో హోంవర్కు చేసుకుంటోందనీ, కాబట్టి దిగింది నటి కాదు, పాత్రేననీ, పాత్ర వేళకు తెర మీద ఉన్నంతవరకు తమకు అభ్యంతరం లేదనీ అవతలి నుంచి జవాబు వచ్చింది.

"బడి నీకెందుకమ్మా? సినిమా ఆఖర్లో నువ్వు బడికే పోతావు గదా?" అన్నాడు మద్దిలేటి.

"గేటు కాడికే సార్ పోయేది. గేటు తెరుస్తారు, శుబం పడతాది. లోపల ఏముంటాదో ఒక్కనాడూ సూళ్ళేదు" అంది సుంకులమ్మ.

మరుసటి రోజు పొద్దున ఆమె ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళింది. హెడ్మాస్టరు దరఖాస్తు ఫారం తీశాడు. వయసు దగ్గర 'పదకొండు, మారదు' అని రాశాడు. చిరునామా దగ్గర 'టాకీసు తెర' అని రాశాడు. తండ్రి పేరు దగ్గరికి వచ్చి తలెత్తాడు.

"నాయన మూడో రీల్లో సచ్చిపోతాడు సార్. రోజుకు నాలుగు తూర్లు" అంది.

హెడ్మాస్టరు ఆ గడిలో అడ్డగీత గీసి, ఆమెను ఐదో తరగతిలో చేర్చుకున్నాడు.

ఐదో తరగతి టీచరు దస్తగిరమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆ బళ్ళోనే ఉంది. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి రుద్దే పత్తి విత్తనాల సీజను వచ్చిందంటే తన తరగతిలో ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయం కావడం ఆమెకు తెలుసు. సీజనులో ఒక పిల్ల తనంతట తాను వచ్చి చేరడం మాత్రం ఇదే మొదలు. సుంకులమ్మ కాసేపు గోడల్నీ నల్లబల్లనూ కిటికీనీ చూసింది. తర్వాత పలక అడిగింది. ఆమె వేళ్ళకు పుప్పొడి పసుపు అంటి ఉండేది. ఆమె పట్టుకున్న పలక, చాకుపీసు, వాచకం అన్నీ పసుపు అయ్యేవి. పది రోజుల్లో గుణింతాలు వచ్చేశాయి. అంత తొందరగా నేర్చుకున్న పిల్లను దస్తగిరమ్మ చూడలేదు.

ఇబ్బందల్లా వేళలతోనే. టాకీసులో మార్నింగు షో పదకొండింటికి, మ్యాట్నీ రెండింటికి. పదింపావుకల్లా సుంకులమ్మ పలక సంచిలో పెట్టుకుని పరుగెత్తేది. లెక్కలూ సైన్సూ ఎప్పుడూ పదకొండు తర్వాతే ఉండేవి.

దస్తగిరమ్మ కార్మిక శాఖకు అర్జీ పెట్టింది. ఒక అధికారి వచ్చి, చేతిగడియారం చూసుకుంటూ వరసగా నాలుగు ఆటలూ చూశాడు. ఆటకు యాభై ఎనిమిది నిమిషాల చొప్పున ఆ పిల్ల రోజుకు మూడు గంటల యాభై రెండు నిమిషాలు చేలో కనబడుతోందని తేల్చాడు. తన దగ్గరున్న ఉత్తర్వు ప్రకారం ఐదు గంటల లోపు చేసేది నటన, దాటితేనే పని.

"నీకేమన్నా కష్టంగా ఉందా పాపా?" అని అడిగాడు.

సుంకులమ్మ చేతులు చాపింది. మొగ్గల పైతోలు ఒలిచీ ఒలిచీ గోళ్ళ పక్కన చర్మం చీలింది. మందు కొట్టిన చేలో నిలబడినందువల్ల దగ్గు వస్తోంది. అధికారి ఆ చేతుల్ని దగ్గరగా చూసి, మేకప్పు సహజంగా ఉందని రాసుకుని వెళ్ళాడు.

సెప్టెంబరులో మూణ్ణెల్ల పరీక్షలు వచ్చాయి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా పరీక్ష. మొదటి రోజు పదింపావుకు సుంకులమ్మ లేచి నిలబడింది.

"కూర్చోవే" అంది దస్తగిరమ్మ.

"ఆట టైమవుతాంది టీచరమ్మా. చేను ఆసామి తిడ్తాడు."

"తిడితే నన్ను తిడతాడులే. నువ్వు రాయి."

ఆమె కూర్చుని రాసింది.

అదే వేళకు టాకీసులో, మధ్యాహ్నం పరీక్ష ఉన్న నాలుగో తరగతి పిల్లలున్నారు. బాలకార్మిక నిర్మూలన వారం సందర్భంగా హెడ్మాస్టరే వాళ్ళను ఉచిత టికెట్ల మీద ఆటకు తీసుకొచ్చాడు. సినిమా మొదలైంది. చేను వచ్చింది, పువ్వులు వచ్చాయి, సుంకులమ్మ రాలేదు. చేను ఆసామి గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. చివరకు తెర అంచుదాకా వచ్చి వంగి, ముందు వరసలో కూర్చున్న హెడ్మాస్టరును పలకరించాడు.

"సార్, ఒక పాపను పంపియ్యండి. నిన్న సాయంత్రమే మొగ్గలు ఒలిచి పెట్టినాము. ఈ పొద్దు పూసిన పువ్వుకు ఈ పొద్దే పుప్పొడి రుద్దల్ల. రేపటికి పనికిరాదు."

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. డబ్బులిచ్చి చూస్తున్నామని ఇంకొకరు అరిచారు. పిల్లల కోసం ఏర్పాటు చేసిన ఆట పిల్లల ముందే ఆగిపోవడం హెడ్మాస్టరుకు బాగనిపించలేదు. ఆయన వరసలోకి చూశాడు. పత్తిమొక్క ఎత్తుకు సరిపోయే పిల్ల కావాలి. కాశింబీ సరిపోయింది.

"ఒక్క ఆటే అమ్మా, పోయిరా" అన్నాడు.

కాశింబీ పక్క మెట్ల మీదుగా తెర ఎక్కింది. తెలియని పని కాబట్టి మొదటి సాలు నిదానంగా చేసింది. రెండో సాలుకు చెయ్యి తిరిగింది. సినిమా సాగింది. పిల్ల మారిన సంగతి ప్రేక్షకులు గమనించలేదు. కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోట పెట్టుకున్నారు. శుభం పడగానే కాశింబీ దిగి వచ్చి, సుంకులమ్మ కంటే నెమ్మదిగా నడుచుకుంటూ బడికి వెళ్ళింది.

పరీక్షలు ఆరు రోజులు జరిగాయి. ఆరు రోజులూ మార్నింగు షోకు కాశింబీయే వెళ్ళింది. ఏడో రోజు సుంకులమ్మ మార్నింగు షోకు వెళితే ఆసామి వద్దన్నాడు.

"ఆ పాప చెయ్యి మెత్తన. పువ్వు రాలిపోదు. నువ్వు సదువుకో పో" అన్నాడు.

హెడ్మాస్టరు ఆలోచించాడు. చదువు గురించి తీసిన సినిమాలో ఉన్న పిల్ల చదువుకు దూరమైనట్టు కాదు. కాబట్టి కాశింబీకి హాజరు వేయమన్నాడు. ఆ నెల బళ్ళో హాజరు నూటికి నూరు వచ్చింది.

దస్తగిరమ్మ మాత్రం కాశింబీ ఇంటికి వెళ్ళింది. తల్లి ఖాజాబీ గోనెసంచులు కుడుతోంది. దబ్బనం పక్కన పెట్టి టీచరుకు పీట వేసింది.

"తప్పు నాదే ఖాజాబీ. నేను ఒకదాన్ని పరీక్షకు కూర్చోబెట్టినాను, దాని బదులు నీ బిడ్డ పోయింది. నువ్వు వద్దను. తల్లి వద్దంటే ఎవరూ ఏం చేయలేరు."

"నేను పోయి చూసొచ్చినా టీచరమ్మా. బాగా చేస్తాంది. అందరూ ఏడుస్తాండారు దాన్ని చూసి." ఖాజాబీ కొంచెం సిగ్గుపడింది. "ఆఖర్లో బడికే పోతాది గదా. ఇంక వద్దని ఏమని చెప్పేది?"

 దస్తగిరమ్మ ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేసింది.

అక్టోబరు రెండో గురువారం మ్యాట్నీలో, సినిమా ఇంకా చేలోనే ఉండగా కరెంటు పోయింది. అరగంట చూశారు. రాలేదు. అది ఆ ఊళ్ళో ఆఖరి ఆట, పంపిణీదారు మనిషి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఐదున్నర బస్సు తప్పితే పక్క పట్నంలో మరునాటి ఆట ఉండదు. మద్దిలేటి రీళ్ళు పెట్టెల్లో సర్దించి, తాళాలు వేయించి, బస్సు మీదికి ఎక్కించాడు. గేటు వచ్చే రీలు ఆడలేదు కాబట్టి కాశింబీ దిగలేదు.

సంగతి తెలిసి దస్తగిరమ్మ బస్టాండుకు పరుగెత్తింది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరుగెత్తింది. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరు మరునాడే టీసీ రాసి, ఆ పట్నం బడికి పోస్టులో పంపాడు. రేపో ఎల్లుండో పిల్ల శుభం పడ్డాక దిగి అక్కడే చేరుతుందనీ, అక్కడి బడి మనదానికంటే పెద్దదనీ ఖాజాబీకి చెప్పాడు. పది రోజులకు అక్కడి నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. దారిలో ఆఖరి రీలు దెబ్బతిన్నదనీ, సినిమా చేలోనే ముగుస్తోందనీ, ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులేమీ రాలేదనీ అందులో ఉంది. టీసీ మాత్రం భద్రపరిచామన్నారు.

తెర లేకుండా మిగిలిన సుంకులమ్మను దస్తగిరమ్మ తన ఇంట్లో పెట్టుకుంది. ఆ పిల్ల ఇప్పుడు లెక్కలు కూడా చేస్తోంది.

నవంబరు పద్నాలుగున బాలల దినోత్సవం సందర్భంగా టీవీలో ఆ సినిమా వేశారు. బళ్ళో ఉన్న టీవీని వరండాలోకి తెచ్చి, ఊళ్ళోవాళ్ళను పిలిచారు. ఖాజాబీ ముందు వరసలో చాప మీద కూర్చుంది. పక్కన సుంకులమ్మ కూర్చుంది. కాశింబీ కనబడగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

"చిక్కిపోయింది మే" అంది ఖాజాబీ, సుంకులమ్మతో. "ఎండకు మొగమంతా నల్లబడింది. ఆకలైతాందేమో, పిలిస్తే పలుకుతాదా?"

"ఇనపడదత్తా."

 కాశింబీ ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి వంగుతోంది. వెనక గట్టు మీద ఆసామి గొడుగు నీడన కూర్చుని ఉన్నాడు. దస్తగిరమ్మ వరండా స్తంభానికి ఆనుకుని, టీవీ వైపు కాక తన తరగతి గది వైపు చూస్తోంది.

సుంకులమ్మ ఖాజాబీ చెయ్యి పట్టుకుంది.

"ఏం భయం లేదత్తా" అంది. "ఆ సాలు అయిపోతే నీళ్ళు తాగనిస్తారు."