గురువారం అన్నీ బంద్

ఆదివారం పొద్దున సోమశేఖర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. డాబా మీదికెక్కి ఉష్ణోగ్రత చూసుకోవడం, దిగొచ్చి చాయ్ తాగడం, ఆ వారం వాతావరణం ఎలా ఉండబోతోందో ఫోన్లో నాలుగు మాటలు చెప్పి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సిద్దిపేటలో ఆయనకు స్టీల్ సామాన్ల దుకాణం ఉంది. బిందెలు, గిన్నెలు అమ్మి బతుకుతాడు గానీ ప్రాణమంతా మబ్బుల మీదే. డాబా మీద థర్మామీటరు, వాన కొలిచే గొట్టం, గాలి ఎటు వీస్తే అటు తిరిగే రేకు కోడి పెట్టుకున్నాడు. ఆయన గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు. అందులో సగం మంది దుకాణంలో ధరలు తగ్గినప్పుడు కబురొస్తుందని చేరినవాళ్లు.

ఆ ఆదివారం మాత్రం ఆయన మెట్లు దిగలేదు, దూకాడు. వారం రోజులుగా కంప్యూటరు ముందు కూర్చుని, దేశదేశాల వాతావరణ అంచనాల్లో కళ్లు కాయలు కాసేలా చూస్తున్నది ఇప్పుడు ఖాయమైంది. హిమాలయాల మీదుగా ఒక పెద్ద మబ్బుల దండు దాటిపోయింది. దాని వెనకే ఎండు చల్లగాలి బయల్దేరింది. ఢిల్లీ, నాగపూర్ దాటుకుంటూ బుధవారానికి తెలంగాణలో దిగుతుంది. మామూలుగా పద్నాలుగు, పదిహేను ఉండే ఊళ్లో గురువారం తెల్లవారుజామున ఏడు డిగ్రీలు!

"కాంతా! ఏడు! ఏడు డిగ్రీలు!" అని అరుస్తూ వంటింట్లోకి వచ్చాడు.

"ఏడైతేంది, ఎనిమిదైతేంది? నీ చాయ్ సల్లారుతుంది, ముందుగాల అది తాగు" అంది కాంతమ్మ, కుక్కర్ మూత బిగిస్తూ.

ఆయనకు చాయ్ మీద ధ్యాస లేదు. అక్కడే గోడకు ఆనుకుని ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. సోమవారం మబ్బు, మంగళవారం తుంపర అని ఒక ముక్క చెప్పి పంపాడు. రెండో ముక్క అసలుది. గొంతు సవరించుకున్నాడు.

"బుధవారం ఉత్తరం దిక్కుకెళ్లి చల్లగాలి మొదలైతది. గురువారం సిద్దిపేటల ఏడు డిగ్రీలు, పొద్దుగాల తొమ్మిది దాక తలుపులు, కిటికీలు అన్నీ బంద్. ఎవ్వలు బయటికి రావద్దు. ముసలోళ్లను, పిల్లలను ఇంట్లనే ఉంచుండ్రి. ఇసొంటిది పదేండ్ల సంది రాలే. అందరికి చెప్పుండ్రి!"

ఆయన చెప్పింది ఇది. కానీ 'చల్లగాలి మొదలైతది' అన్న చోట కుక్కర్ ఒకసారి కూసింది. 'ఏడు డిగ్రీలు, పొద్దుగాల తొమ్మిది దాక తలుపులు, కిటికీలు' అన్నంతసేపూ ఆపకుండా కూసింది. ఆ సంబరంలో ఆయన తిరిగి విని చూసుకోలేదు. గ్రూపులోని నాలుగు వందల మంది చెవుల్లో పడింది వేరు: బుధవారం ఉత్తరం దిక్కు నుంచి ఏదో వస్తోంది. గురువారం సిద్దిపేటలో అన్నీ బంద్. ఎవ్వరూ బయటికి రావద్దు.

అందరికీ చెప్పమన్నాడు కదా, చెప్పారు.

సోమవారం పది గంటలకు మధుసూదన్ ఫోన్ చేశాడు. ఆయన కిరాణా వ్యాపారి, బజారు వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఏనాడూ వాతావరణం గురించి అడిగిన మనిషి కాదు. సోమశేఖర్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడి మరీ మాట్లాడాడు.

"సోమన్నా, గురువారం ముచ్చట పక్కానా?"

"పక్కా కాకుంటే నేనెందుకు చెప్త మధన్నా? అమెరికోళ్లు, యూరపోళ్లు, మనోళ్లు, అందరు ఒక్కటే మాట మీదున్నరు."

"అమెరికోళ్లు సుతనా?"

"వాళ్లే ముందుగాల చెప్పిన్రు!"

"మరి మస్తు గట్టిగ ఉంటది గద?"

"గట్టిగనా! బొక్కలు వణుకుతయి."

"ఎప్పటిదాక బంద్ పెట్టాలె?"

"తొమ్మిది దాక పెడితే చాలు. తొమ్మిది కొట్టినంక ఆరాంగ తెర్వుండ్రి."

"సరే అన్నా. మా సంఘం మొత్తం నీ ఎన్కనే ఉంటది" అని మధుసూదన్ ఫోన్ పెట్టేశాడు. తొమ్మిదంటే రాత్రి తొమ్మిదే అనుకున్నాడు, సందేహం కూడా రాలేదు. పొద్దున తొమ్మిదికి ముందు ఆ బజారులో షట్టర్లు లేచిందెప్పుడు గనక? పది నిమిషాల్లో సంఘం సభ్యులందరికీ కబురు వెళ్లింది: గురువారం రాత్రి తొమ్మిది వరకు సంపూర్ణ బంద్.

ఇవతల సోమశేఖర్ ఛాతీ రెండింతలైంది. వర్తక సంఘం అధ్యక్షుడంతటివాడు ఫోన్ చేసి చలి గురించి అడిగాడు!

మంగళవారం చెప్పినట్టే తుంపర పడింది. ఆయన గొడుగు లేకుండా దుకాణం ముందు నిలబడి తడిశాడు, ఎవరో బహుమతి ఇస్తే తీసుకున్నట్టు. పాలు పోసే బాలవ్వ వచ్చి, "సేటూ, గురువారం పాలు బుధవారం నాడే పోసిపోనా?" అని అడిగింది. ఎంత ముందుచూపు అని మురిసిపోయాడు. సాయంత్రం కాంతమ్మ రైతుబజారు నుంచి ఖాళీ సంచితో వచ్చింది.

"టమాటలు లేవు, వంకాయలు లేవు. జనం మూడు దినాలకు సరిపడ ఎత్తుకపోతున్నరు. గా బడివాళ్లు సుత గురువారం సెలవిచ్చిన్రట. ఏమయ్యా, చలికి బడి బంద్ పెడ్తరుగని, వంకాయలెందుకు కొంటరు?"

"జనానికి తెలివొచ్చింది కాంతా" అన్నాడాయన. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేండ్లకు నా మాట ఇంటున్నరు."

నిజానికి కాంతమ్మ తమ్ముడు హరీష్ నష్టపోయింది ఆయన మాట వినే. అతనిది బెజ్జంకి. కార్తీకంలో "వాన రాదు, ధైర్యంగ ఆరబోసుకో" అని బావ అంటే వడ్లు రోడ్డు మీద ఆరబోశాడు. ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. అప్పటినుంచి హరీష్ బావ ఫోన్ ఎత్తడం మానేశాడు. గ్రూపులో మాత్రం ఇంకా ఉన్నాడు. ఈ చలి చెప్పినట్టు వస్తే బామ్మర్ది ముందు మళ్లీ తలెత్తుకోవచ్చని సోమశేఖర్ ఆశ.

బుధవారం పొద్దున రేకు కోడి ఉత్తరానికి తిరిగింది. సోమశేఖర్ దానికి దండం పెట్టినంత పని చేశాడు. పదిన్నరకు దుకాణం ముందు మోటార్ సైకిల్ ఆగింది. కానిస్టేబుల్ కర్ణాకర్ దిగాడు.

"సేటూ, గురువారం గురించి పిలుపిచ్చింది మీరేనా?"

"నేనే" అన్నాడు సోమశేఖర్ గర్వంగా. "ఆదివారం నాడే ఇచ్చిన. కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"చాయ్ తర్వాత. మీ డిమాండేంది?"

"నాకేం డిమాండ్ ఉంటది? స్వెటర్లకుంది మస్తు డిమాండ్."

కర్ణాకర్ జేబులోంచి పుస్తకం తీశాడు. "ఎక్కడికెళ్లి వస్తున్నరు?"

"హిమాలయాల కాడికెళ్లి. ఢిల్లీ దాటింది, నాగపూర్ దాటింది, పొద్దుగాల ఆదిలాబాద్ల దిగింది. రాత్రికి మన కాడ ఉంటది."

"ఆదిలాబాద్ల దిగిన్రా? మాకు కబురు లేదే! ఎంతమంది?"

"ఎంతమందేంది సార్? మొత్తం కమ్ముకుంటది. దాన్ని ఆపుడు ఎవలి తరం? పోలీసులు ఆపుతరా?"

కర్ణాకర్ పుస్తకం మూశాడు. "సేటూ, మంచిగ మాట్లాడుండ్రి. పర్మిషన్ లేకుండ ఊరు బంద్ పెట్టిచ్చుడే తప్పు. పైకెళ్లి పోలీసులకే సవాల్ ఇసురుతున్నరా?"

"ఊరు బంద్ పెట్టుడేంది? నేను చెప్పింది కిటికీలు!"

కర్ణాకర్ తన ఫోన్ తీసి వినిపించాడు. మనిషి గొంతు, కూత, మనిషి గొంతు, పొడుగాటి కూత, 'అన్నీ బంద్'. మధుసూదన్ ఫోన్, బాలవ్వ పాలు, బడి సెలవు, ఖాళీ సంచి, అన్నీ సోమశేఖర్‌కు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఇప్పుడే, నా ముంగటనే, బంద్ లేదని చెప్పి పంపుండ్రి" అన్నాడు కర్ణాకర్.

పోలీసు పక్కన నిలబడితే ఎవరికైనా మాటలు వరుసలో రావు. సోమశేఖర్ ఇలా పంపాడు: "నేను చెప్పింది ఎవ్వలు పట్టించుకోవద్దు. గురువారం ఏం లేదు, ఏం రాదు. ఎప్పటి లెక్కనే పొద్దుగాల అన్నీ తెర్వుండ్రి. భయపడేది లేదు."

ఈసారి ఒక్క కూత కూడా లేదు. ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. అయిదు నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. బంద్ అని విన్నవాళ్లు బంద్ లేదనుకున్నారు. కూతల మధ్య నుంచి చలి గురించి ఎలాగో అర్థం చేసుకున్న కొద్దిమంది మాత్రం 'చలి క్యాన్సిల్' అని రాసి, పక్కన చప్పట్ల బొమ్మలు పెట్టారు.

"అయ్యో, చలి క్యాన్సిల్ కాలే!" అని ఆయన మళ్లీ ఫోన్ ఎత్తబోతే కర్ణాకర్ చెయ్యి పట్టుకున్నాడు. "సేటూ, ఇంకొక్క ముక్క పంపిన్రంటే గీ ఫోన్ స్టేషన్ల ఉంటది." అలా చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బువ్వకు ఇంటికి వెళ్తే కాంతమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తెర్వుమని చెప్పినవట గద! హరీష్ నిన్ననే మూడు వేల కోడిపిల్లలను కోళ్ల షెడ్డుల దింపిండు. ఒక్క దినం పిల్లలు! పరదాలు తెర్చి పెడ్తే ఏడు డిగ్రీలకు ఒక్కటన్న మిగులుతదా?"

సోమశేఖర్ బువ్వ సంగతి మరిచిపోయాడు. హరీష్‌కు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కాంతమ్మ చేసినా అంతే, షెడ్డులో పని మీదుంటే అతను ఫోన్ ఇంట్లో పడేసి వెళ్తాడు. ఇక ఆగలేదు. బీరువాలోని దుప్పట్లు, చద్దర్లు, దుకాణంలో సామాన్లు కట్టివచ్చిన గోనె సంచులు, అన్నీ మూటగట్టి స్కూటర్ ముందు పెట్టాడు. వెనక కాంతమ్మ కూర్చుంది.

దారి పొడుగునా ఎదురుగాలి. చెవులు మొద్దుబారాయి, ముక్కు కారింది, వేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. మనసంతా మూడు వేల పిల్లల ప్రాణాల మీదే ఉంది. అయినా ఒక మూల దాచుకోలేని ఆనందం. చెప్పిన రోజున, చెప్పిన దిక్కు నుంచి, చెప్పినంత గట్టిగా వీస్తోంది.

"సూసినవా కాంతా, ఎంత మంచిగొస్తుందో!" అని అరిచాడు.

"నోరు మూసుకొని నడుపు" అంది కాంతమ్మ, చెంగు తలకు చుట్టుకుంటూ.

పొద్దు గూకే వేళకు షెడ్డు దగ్గర స్కూటర్ ఆపి, మూట ఎత్తుకుని పరుగెత్తాడు. పరుగెత్తినవాడు సగంలో ఆగిపోయాడు. షెడ్డు నాలుగు వైపులా రెండు వరసల గోనె పరదాలు బిగించి కట్టి ఉన్నాయి. సందులకు గడ్డి కుక్కి ఉంది. లోపల పెద్ద బల్బుల ఎర్రటి వెలుగు, వెచ్చటి ఊక వాసన, మూడు వేల గొంతుల కిచకిచలు. హరీష్ చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"ఏంది బావా, గీ దుప్పట్లేంది?"

"పరదాలు ఎప్పుడు కట్టినవ్? నేను... తెర్వుమంటిని గద?"

"అది ఇన్నంకనే కట్టిన. కార్తీకంల వాన రాదంటివి, వచ్చింది. ఇయ్యాల ఏం రాదంటివి. నాకు భయమైంది. ఊళ్ల ఉన్న గోనెలన్నీ జమ చేసి కట్టిచ్చిన." హరీష్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మాట మీద నాకు మస్తు నమ్మకం బావా."

సోమశేఖర్ మూట అక్కడే దింపి దాని మీద కూర్చున్నాడు. కాంతమ్మ మాత్రం పరదా సందులోంచి తొంగిచూసి, పసుపుపచ్చగా కదులుతున్న పిల్లలను చూసి, తమ్ముడి తల నిమిరింది. ఆ పూట అక్కడే తిన్నారు. నెలల తర్వాత హరీష్ బావకు తన చేత్తో కూర వడ్డించాడు.

గురువారం ఆరు గంటలకు సోమశేఖర్ షెడ్డు బయట గుంజకు వేలాడుతున్న థర్మామీటరు దగ్గరికి వెళ్లాడు. టార్చి వేసి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏడు! ఎనిమిది కాదు, ఆరు కాదు. గడ్డి మీద మంచు తెల్లగా మెరుస్తుంటే ఆయన చెప్పులు లేకుండా గంతులేశాడు.

పదింటికి కర్ణాకర్ ఫోన్ చేశాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు ఇవతలికి వినిపిస్తోంది.

"సేటూ, బంద్ లేదంటిరి. బజార్ల ఒక్క షట్టర్ లేస్తలేదు! ఆటోలు లేవు, మనుషులు లేరు. ఎస్సై సాబ్ నన్నడుగుతుండు!"

"అది బంద్ కాదు సార్, చలి!"

"చలి లేదని నిన్న మీ నోటితోనే చెప్తిరి గద!"

మధ్యాహ్నానికి వాళ్లు సిద్దిపేట చేరేసరికి ఊరు ఊరంతా దుప్పట్లలో ఉంది. బంద్ ఉందని నమ్మినవాళ్లు ఎలాగూ తెరవలేదు. లేదని నమ్మినవాళ్లు తెరుద్దామని లేచి, చెయ్యి బయటపెట్టి, మళ్లీ లోపలికి లాక్కున్నారు. పొద్దెక్కినా గాలి తగ్గలేదు. సాయంత్రం తెరుద్దామనుకున్నవాళ్లు పక్క దుకాణం తెరవలేదు కదా అని ఆగారు. పదేళ్లలో ఏ పార్టీ వల్లా కాని సంపూర్ణ బంద్ ఆ రోజు జరిగింది.

శుక్రవారం సాయంత్రం వర్తక సంఘం హాలు నిండిపోయింది. మధుసూదన్ స్వయంగా ఇంటికొచ్చి సోమశేఖర్‌ను వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. వేదిక మీద కుర్చీ వేశారు. మెడలో దండ పడింది. ఆయనకు మైకు ఇచ్చారు.

"అన్నలారా, నేను బంద్ పెట్టిచ్చలే" అన్నాడు సోమశేఖర్. "నేను చెప్పింది చల్లగాలి గురించి. ఏడు డిగ్రీలన్న, ఏడే వచ్చింది. గదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు."

హాలంతా చప్పట్లు మోగాయి. "సూడుండ్రి, ఇంత పెద్ద పని చేసి సుత నేను చెయ్యలే అంటుండు! గిసొంటి మనిషి ఎక్కడన్న ఉంటడా?" అన్నాడు మధుసూదన్. తర్వాత సన్మాన పత్రం చదివారు. చక్కటి ముత్యాల్లాంటి అక్షరాలతో, అద్దం బిగించి, చుట్టూ బంగారు రంగు అంచుతో చేయించారు.

అందులో పన్నెండు వాక్యాలున్నాయి. చలి అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.