పగటిపూట రుజువు కావలసిన రేచీకటి

మానవ దేహాన్ని సృష్టించినవాడికి ఆఫీసు పనివేళలు తెలియవని రైల్వే వైద్య విభాగం ఏనాడో గ్రహించింది. అందుకే కంటికి వచ్చే సమస్త రోగాలూ ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగులోగా రుజువు కావాలని నిబంధన పెట్టింది (ఒంటిగంట నుంచి రెండు దాకా రోగాలకు కూడా భోజన విరామం).

1963లో ఖరగ్‌పూర్ రైల్వే యార్డులో వ్యాగన్లకు కొక్కేలు తగిలించే నూకరాజుకు ఈ సంగతి తెలియదు. పొద్దు వాలితే చాలు, అతని కళ్ళకు గోనెసంచి కప్పినట్టుండేది. మొన్న పొద్దుగూకాక ఎదురుగా దొర్లుకొస్తున్న వ్యాగను కనిపించనే లేదు. చొక్కా చేయి చిరిగింది, అసలు చేయి దక్కింది. ఆ చిరిగిన చొక్కాతోనే డిస్పెన్సరీకి వచ్చాడు.

అక్కడ ఆ ఊళ్ళోనే సుభాష్‌పల్లి పేట పిల్ల ఆలిస్ శిక్షణలో ఉంది. కలకత్తాలో డాక్టరీ చదువుతోంది.

"ఇది రేచీకటి బాబాయ్. మసక ఎలుగులో సూడాలంటే కంట్లో ఒక రంగు ఊరాల. విటమిన్ ఏ లేకపోతే అది ఊరదు. కొన్నాళ్ళు మాత్రలు మింగితే తగ్గిపోద్ది."

"మరింకేటి, ఇచ్చీ తల్లీ!"

మాత్రలు బీరువాలో ఉన్నాయి. తాళం గుమస్తా గోవిందరావు దగ్గరుంది. రోగం రుజువైతేగాని ఆ తాళం కదలదు. ఆయన నూకరాజును ఎండపడే గోడ ముందు నిలబెట్టి అంకెల పటం చదవమన్నాడు. అడుగున అచ్చయిన సంవత్సరంతో సహా చదివేశాడు నూకరాజు.

"కళ్ళు భేషుగ్గా ఉన్నాయి కదయ్యా!"

"పగలుంతాయి బాబూ. రేత్రే ఉండవు."

"రాత్రి ఆఫీసుండదు."

ఆలిస్‌కు ఒళ్ళు మండింది. కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని చీకటి చేసింది. గోవిందరావు అడ్డు చెప్పలేదు. కాకపోతే అభ్యర్థి చదువుతుండగానే ఫలితాన్ని గుండ్రటి దస్తూరీతో రిజిస్టరులో ఎక్కించాలి. చీకట్లో రిజిస్టరు కనిపించలేదు. లైటు వేశాడు. నూకరాజు మళ్ళీ అంతా చదివాడు.

"లైటార్పి అడగండి, లైటేసి రాసుకోండి!" అని అరిచింది ఆలిస్.

"అడగడం, రాయడం ఒకేసారి జరగాలమ్మా. విడదీసే అధికారం నాకు లేదు."

నూకరాజుకు ఏడుపొచ్చింది. "బాబూ, నా సెయ్యి పోతే అప్పుడు రుజువవుద్దేటి?"

"అది చేతుల విభాగం," అన్నాడు గోవిందరావు.

ఆయన చెడ్డవాడేం కాదు. రెండుసార్లు పరీక్షకు నిలబడ్డ కార్మికుణ్ణి వట్టి చేతులతో పంపడానికి మనసొప్పలేదు. నిర్దుష్టమైన చూపు అని ధ్రువపత్రం రాసి, ముద్ర కొట్టి, ఒక ప్రతిని యార్డుకు పంపాడు. యార్డు ఫోర్‌మన్ అది చదివి ముచ్చటపడ్డాడు. అంత నికార్సైన కళ్ళు పగటిపూట వృథా అవుతున్నాయని బాధపడి, సోమవారం నుంచి నూకరాజుకు శాశ్వతంగా రాత్రి డ్యూటీ వేశాడు.