టామ్సిన్ అసలు కార్డు

తానెవరో తానే చెప్పుకోవడం నాగరికుడికి తగని పని. ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించిన దేశం బ్రిటన్. అక్కడ ప్రతి పౌరుడికీ ఒక గుర్తింపు కార్డు ఇద్దామని ఎవరైనా అంటే చాలు, స్వేచ్ఛ మంటగలిసిపోతోందని పెద్దలు గుండెలు బాదుకుంటారు. అందువల్ల ఎవరు ఎవరో తేల్చే పని, సహజంగానే, పబ్బుల గుమ్మాల్లో నిలబడే నల్లకోటు కాపలాదార్ల మీద పడింది.

యార్క్‌షైర్‌లోని స్కెల్థార్ప్ పట్టణంలో ఆ భారం మోస్తున్నవాడు క్లైవ్ హెబుల్‌త్వైట్. 'గిల్డెడ్ హెరింగ్' అనే పబ్బు ముందు పంతొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. ఒకసారి చూసిన ముఖం మరిచిపోడని పేరు. పట్టణ ద్వారపాలక మండలి ఆయనకు ఇందుకోసం ఒక పతకం కూడా ఇచ్చింది. (మండలి అధ్యక్షుడు ఆయన బావమరిదే. అయినా పతకం పతకమే.)

జూన్ నెల, శనివారం సాయంత్రం ఆరు. ఎండ ఇంకా తగ్గలేదు. టామ్సిన్ గార్‌సైడ్ అనే అమ్మాయి వరసలో ముందుకొచ్చి క్లైవ్ చేతిలో తన డ్రైవింగ్ లైసెన్సు పెట్టింది. ఆ రోజే ఆమెకు పద్దెనిమిది, అంటే అక్కడ పబ్బులో తాగడానికి కావలసిన వయసు, నిండాయి. లైసెన్సు మీద ఉన్నది ఆమె ఫొటో, ఆమె పేరు, ఆమె పుట్టినరోజు. ఇంత నిర్మలమైన మనసుతో ఆమె ఆ గుమ్మం ముందు నిలబడటం అదే మొదటిసారి.

లోపల కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె తాత విల్ఫ్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రెండు బీరు గ్లాసులు. గార్‌సైడ్ల ఇంట్లో పిల్లలకు పద్దెనిమిది నిండితే మొదటి గ్లాసు తాత కొనిస్తాడు. తర్వాత లేచి నిలబడి, పబ్బంతా వినబడేలా ఆ పిల్ల పేరు పిలుస్తాడు. అయిదుగురిని అలా పిలిచాడు. టామ్సిన్ ఆరోది, ఆఖరిది. ఎనభై నాలుగేళ్ల ఆ మనిషికి వృద్ధాశ్రమం వాళ్లు ఎనిమిది గంటల వరకే సెలవిచ్చారు. ఇంకోసారి ఇస్తారో లేదో, ఇచ్చినా ఆయన రాగలడో లేదో టామ్సిన్‌కి తెలియదు.

"ఏం ఇమోజెన్, బావున్నావా తల్లీ?" అన్నాడు క్లైవ్ ఆప్యాయంగా.

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. ఇమోజెన్ అంటే టామ్సిన్ పెదనాన్న కూతురు, తొమ్మిదేళ్లు పెద్దది. లైసెన్సు పోయిందని చెప్పి కొత్తది తెప్పించుకుని, పాతది చెల్లెలికి పదహారో పుట్టినరోజు కానుకగా ఇచ్చింది. (ఆ ఊళ్లో అక్కల పాత గౌన్లూ, పాత లైసెన్సులూ చెల్లెళ్లకే వస్తాయి.) ముక్కులు ఒకటే కావడంతో రెండేళ్లపాటు టామ్సిన్ ఆ గుమ్మంలోంచి ఇమోజెన్‌గా దర్జాగా వెళ్లివచ్చింది. ఇమోజెన్ దంతవైద్యుడి దగ్గర నర్సు కనుక, ఆ హోదాలో టామ్సిన్ క్లైవ్ దవడ నొప్పికి సలహా కూడా ఇచ్చింది. నొప్పి తగ్గింది.

క్లైవ్ లైసెన్సును ఎండకు పెట్టి చూశాడు. వంచాడు. వాసన చూశాడు.

"ఫొటో నీదే. పేరు మాత్రం ఎవరిదో అచ్చేశారు. ఎవడు చేశాడమ్మా ఇంత నాసిరకంగా?"

"అది అసలుదండీ. నేను టామ్సిన్‌ని."

"ఇరవై ఏడొచ్చాక వయసు తగ్గించుకోవాలని ఎవరికుండదు? మా ఆవిడా అంతే. దానికి దొంగ కార్డు చేయించుకుంటారా?"

"క్లైవ్, మీరు పొరబడుతున్నారు."

"నేనా? నీ ముఖం ఇమోజెన్ పేరు మీద, వచ్చినవాళ్లని ఫొటో తీసే మా మెషిన్లో ఉంది. విమానాశ్రయానికి కూడా పంపాం. పోయిన ఆగస్టులో ఇమోజెన్‌నని చెప్పుకుంటూ ఎవరో స్పెయిన్ వెళ్లబోతే నాలుగ్గంటలు నిలబెట్టేశారు. విమానం తప్పిపోయింది. అది నీ కోసమే చేశామమ్మా!"

ఆ ఎవరో ఇమోజెనే. ఆ సంగతి టామ్సిన్ చెప్పలేదు.

వెనక వరసలో టామ్సిన్ బడిలోనే రెండు తరగతులు కింద చదివే ముగ్గురు అమ్మాయిలున్నారు. ముగ్గురికీ పత్రాల ప్రకారం ముప్పై ఒక్కేళ్లు.

"వీళ్లనడగండి! నేనెవరో వీళ్లకి తెలుసు."

"ఎలా తెలుసమ్మా?" అన్నాడు క్లైవ్ వాళ్లవైపు తిరిగి.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఈవిడెవరో మేం ఎప్పుడూ చూళ్లేదండీ" అంది పెద్దది. క్లైవ్ వాళ్ల కార్డులు చూసి, "రండి మేడమ్" అని తలుపు తీసి పట్టుకున్నాడు.

"పోనీ మా తాతని అడగండి. అదిగో, కిటికీ దగ్గర."

"సాక్ష్యం బయటికొచ్చి చెప్పాలి. బయటికొస్తే మళ్లీ వరసలో నిలబడాలి."

వరస వీధి మలుపు దాటింది. తాతకు మోకాళ్లు లేవు, ఉన్నా లేనట్టే. టామ్సిన్‌కి ఏడుపొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది: రెండేళ్లుగా వాడింది అక్క కార్డు అనీ, ఈ రోజు తెచ్చిందే తనదనీ.

క్లైవ్ జేబులోంచి నిబంధనల పుస్తకం తీశాడు. "పద్నాలుగో నిబంధన. వేరొకరి పత్రంతో వచ్చానని ఒప్పుకున్నవాళ్లకి జీవితాంతం ప్రవేశం లేదు. కాబట్టి నువ్వు టామ్సిన్‌వైతే ఇంటికెళ్లు. ఇమోజెన్‌వైతే ఆ దొంగ కార్డు నాకిచ్చేసి లోపలికెళ్లు. తొందరేం లేదు, ఆలోచించుకో."

ఏడు దాటి పదినిమిషాలైంది. కిటికీలోంచి తాత గ్లాసు ఎత్తి చూపించాడు. నురుగు ఎప్పుడో దిగిపోయింది.

టామ్సిన్ సంచిలోంచి ఇమోజెన్ పాత లైసెన్సు తీసింది.

"అదీ! ఇంతసేపూ ఇది పెట్టుకునేనా?" అని మురిసిపోయాడు క్లైవ్. 'నేను టామ్సిన్ గార్‌సైడ్‌ను కానని ధ్రువీకరిస్తున్నాను' అన్న కాగితం మీద ఆమె ఇమోజెన్ సంతకం పెట్టింది. రెండేళ్ల సాధన, అక్షరం కూడా తేడా రాలేదు. క్లైవ్ కత్తెర తెచ్చి అసలు కార్డును నాలుగు ముక్కలు చేశాడు.

తాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, బల్ల పట్టుకుని లేవబోయాడు. టామ్సిన్ ఆయన చెవిలో గబగబా అంతా చెప్పింది. గుమ్మంలోంచి క్లైవ్ ఇటే చూస్తున్నాడు.

"ఇప్పుడు నిన్ను ఏమని పిలవమంటావే?" అన్నాడు తాత.

టామ్సిన్ కళ్లతో గుమ్మం వైపు చూపించింది. తాత నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. గ్లాసు ఎత్తాడు.

"మా ఇమోజెన్ గార్‌సైడ్!"

పబ్బంతా చప్పట్లు కొట్టింది. ముప్పై ఒక్కేళ్ల ముగ్గురూ ఈలలు వేశారు. టామ్సిన్ నవ్వుతూ, ఏడుస్తూ, వెచ్చబడ్డ బీరు ఆఖరి గుక్కదాకా తాగింది.

ఆ సాయంత్రం గిల్డెడ్ హెరింగ్‌కు వచ్చినవాళ్లు మూడువందల పన్నెండు మంది అనీ, పట్టుబడిన నకిలీ పత్రం ఒకే ఒక్కటి అనీ మండలికి నివేదిక వెళ్లింది.