బీరువా మీద పుట్టగొడుగు

శనివారం పొద్దున వడ్రంగి కుర్రాడు కామ్య వేసుకున్న పథకం చాలా సులువైనది. బీరువా తలుపులను ఒక్కసారి నున్నగా రుద్ది, మైనం పట్టించి, స్నానం చేసి, తెల్లటి కన్జు అంగీ తొడుక్కుని, గయాజాలో కాబోయే మామగారి ముంగిట దాన్ని దింపడం. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆయన కూతురు బబిర్యేతో సంబంధం ఖాయం. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో న్సాంబ్యా వడ్రంగి షెడ్లలో ఎవరికీ కనిపించలేదు.

చోటు బీరువాలోనే ఉంది. మామగారిని కవలల తండ్రి కాబట్టి అందరూ సాలోంగో అనే పిలుస్తారు. ఆయనకు మ్వూలే కర్రంటే ప్రాణం. కామ్య మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు ముందు గదిలో ఉన్న పెద్ద బల్లను అరచేత్తో తట్టి చూపించాడు.

"నిఖార్సైన మ్వూలే, నాయనా. నా పెళ్ళినాడు చేయించాను. రంపపు పొట్టు అదిమి చేసిన సరుకు ఈ గడప తొక్కదు. అలాంటి అల్లుడూ తొక్కడు."

బల్ల మీద లేసు గుడ్డ పరిచి ఉంది. టీ కప్పు పెట్టుకుందామని కామ్య దాన్ని కాస్త జరపబోతే సాలోంగో చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది. "కప్పు చేతిలోనే ఉంచుకో. గుడ్డ కదపకు."

ఆ కంగారులో కామ్య, "మీకు మ్వూలే బీరువాయే తెస్తాను మామయ్యా," అనేశాడు. అడవిలోనే కరువైన కర్ర అతని షెడ్డుకు ఎక్కడినుంచి వస్తుంది? చివరికి పొట్టు అదిమి చేసిన ఫైబర్ బోర్డు పలకలతోనే బీరువా చేసి, పైన మ్వూలే వెనీర్ అతికించాడు. ఆ పొర కాగితం కంటే కాస్త మందం, అంతే.

"పైన పటారం, లోన లొటారం," అని పక్క షెడ్డు ఒపియో పకపకా నవ్వాడు.

"పైనున్నది మ్వూలేనే కదా! లోపలి సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు."

"అయితే చేత్తో రుద్దుకో. మిషన్ జోలికి పోకు. ఆ తోలు నిలవదు."

మంచి మాట వినే తీరిక పెళ్ళికొడుక్కి ఎక్కడుంటుంది? కామ్య సాండర్ మిషన్ ఆన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బబిర్యే.

"కామ్యా, నాన్న తెల్లారకముందే లేచి గడపలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. బీరువాను తట్టి చూస్తాడట. గోటితో గీకి కూడా చూస్తాడట!"

కామ్య చెయ్యి ఆగిపోయింది. మిషన్ మాత్రం ఆగలేదు. కుడి తలుపు నడిమధ్యన, మనిషి కళ్ళ ఎత్తున, ఒకేచోట గిర్రున తిరిగింది. తెలివి తెచ్చుకుని కిందికి లాగేసరికి మ్వూలే తోలు గుండ్రంగా లేచిపోయింది. దాని కింద తోకలాగా ఇంకో ముక్క పోయింది. లోపలి పలక మట్టిరంగులో బయటపడింది.

బూటు పాలిష్ రాశాడు. నల్లబడింది. తుడిచాడు. చుట్టూ మరక పాకింది. "ఇంక చాలు, తలుపుకు కన్నం పడేదాకా తుడుస్తావా?" అని ఒపియో అతన్ని పక్కకు నెట్టాడు. మిగిలిన వెనీర్ ముక్కల్లో మ్వూలే ఒక్కటీ లేదు, తెల్లచెక్కదే ఉంది. పోయిన మేరకు సరిగ్గా దాన్ని కోసి, జిగురు పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అదిమాడు. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

పైన గుండ్రటి తల, కింద కాడ. ముదురు చెక్క మీద తెల్లగా, ముచ్చటగా పుట్టగొడుగు.

కామ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఒరేయ్, బబిర్యే వాళ్ళది పుట్టగొడుగు గోత్రం! మామగారి గోత్రానికి మర్యాద చేసినట్టు ఉంటుంది. ఇది దేవుడే చేయించాడు!"

"దేవుడి మీద పెట్టకు. చేసింది నేను," అన్నాడు ఒపియో.

గయాజాలో పందిళ్ళ కింద రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. పొడుగాటి గోమెసి దుస్తులు కట్టుకున్న ఆడవాళ్ళు తలల మీద కానుకల గంపలు పెట్టుకుని వచ్చి మోకరిల్లి దింపుతున్నారు. వాటి నడుమ బీరువా నిలబడింది. సాలోంగో తట్టడానికి వేళ్ళు మడిచాడు కానీ, పుట్టగొడుగు చూడగానే వేళ్ళు విప్పేసి నవ్వాడు. కామ్య మనసు తేలికపడింది.

ఆ తంతులో పెళ్ళికొడుకు నోరు విప్పకూడదు. అతని తరఫున మాట్లాడడానికి హాజీ బదురును కుదుర్చుకున్నారు. హాజీకి గొంతు గొప్పది, గిరాకీ ఇంకా గొప్పది. ఆ ఒక్క రోజే మూడు సంబంధాలు ఒప్పుకున్నాడు. అబ్బాయిది ఏ గోత్రమని అవతలి పెద్దమనిషి అడగ్గానే హాజీకి మూడూ కలగాపులగం అయిపోయాయి. కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. ఎదురుగా బీరువా.

"అడగాలా అయ్యా? మావాడు తన గోత్రాన్ని గుండెల మీదే కాదు, తలుపుల మీద కూడా చెక్కించుకున్నాడు. మాది పుట్టగొడుగు గోత్రం!"

ఆడవాళ్ళు సంబరంగా వేసే ఉలులు కేకలు గొంతులోనే ఆగిపోయాయి. సగోత్రం! అన్నాచెల్లెళ్ళ వరస!

కామ్య హాజీ కన్జు పట్టుకుని గట్టిగా లాగాడు. ఇంకాస్త పొగడమంటున్నాడని అనుకున్నాడు హాజీ. "ఈనాటి మాటా? తాతలూ ముత్తాతలూ అందరూ పుట్టగొడుగులే!"

ఒపియో ఇక ఆగలేక లేచాడు. "అయ్యా, అది పుట్టగొడుగు కాదు! అది..." అతుకు అనబోతుంటే కామ్య అతని కాలు తొక్కాడు. "అది... ఉత్త గొడుగు!"

"గొడుగు గోత్రమా?" సాలోంగో మండిపడ్డాడు. "బుగాండాలో ఎక్కడుందయ్యా గొడుగు గోత్రం? వరస తప్పడమే కాక గోత్రం మార్చి చెబుతారా? వంట దించండి! ఎవరికీ ఒక్క ముద్ద పెట్టొద్దు!"

అరటాకుల్లో ఉడుకుతున్న అరటికాయల మటోకే పొయ్యి దిగింది. కామ్య పక్షం పెద్దలు ఆకలి కడుపుతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కామ్యకు ఇంటి గుమ్మం తప్ప ఏమీ కనిపించలేదు. అక్కడ బబిర్యే నిలబడి ఉంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. బబిర్యే మేనత్తను అంతా సెంగా అంటారు. ఆవిడ రీతిరివాజులు పక్కన పెట్టి తిన్నగా కామ్య ముందుకొచ్చింది.

"పిల్ల ఏడుస్తోంది. నువ్వే చెప్పు నాయనా. నిజంగా మా గోత్రమేనా?"

కాదంటే ఆ బొమ్మ ఏమిటంటారు; మీ గోత్రానికి మర్యాద అంటే, గొడుగు మాట విన్నాక ఎవరూ నమ్మరు. అవునంటే బబిర్యే చెల్లెలవుతుంది. బీరువా పరువా, పిల్లా? కామ్య లేచి నిలబడ్డాడు.

"నేను మిడత గోత్రం వాణ్ణి సెంగా. ఆ పుట్టగొడుగు ఉత్త అతుకు. మిషన్ ఆడించి తోలు లేపేశాను. మ్వూలే పై పొరే, లోపలంతా అదిమిన పొట్టు. మామయ్యగారు ఏమన్నా సరే. నాకు బబిర్యే కావాలి."

జేబులోని చాకు తీసి పుట్టగొడుగును కాడ దగ్గర్నుంచి ఎత్తాడు. జిగురింకా సరిగా ఆరలేదు, తేలిగ్గానే వచ్చింది. లోపల మట్టిరంగు. "మిడతా! అదే, అదే!" అని హాజీ నాలుక కరుచుకున్నాడు. "పుట్టగొడుగు ఆ తలుపు మీద చూసి చెప్పానండీ, నా తప్పే."

సాలోంగో బీరువా దగ్గరకు నడిచాడు. ఈసారి తట్టాడు. మెత్తటి చప్పుడు వచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది.

"వరస కుదిరింది, సంతోషం. కానీ పొట్టు అల్లుడు ఈ గడప..."

"అన్నయ్యా," అంది సెంగా నెమ్మదిగా. "ముందు గదిలో బల్ల మీద లేసు గుడ్డ మురికిగా ఉంది. తీసి ఉతికించనా?"

సాలోంగో చటుక్కున ఆవిడకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంతమంది చుట్టాలున్నారు కదా. అందరి ముందే తీస్తే..."

"వంట మళ్ళీ పొయ్యి మీద పెట్టండి!" అని అరిచాడు సాలోంగో. "అల్లుణ్ణి ఆకలితో కూర్చోబెట్టారేం? మర్యాద లేదా ఎవరికీ?"

సెంగా వచ్చి కామ్య కన్జుకు పువ్వు గుచ్చింది. గుమ్మంలో బబిర్యే కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది.

పెళ్ళయ్యాక ఒక ఆదివారం సాలోంగో అల్లుణ్ణి ఒంటరిగా ముందు గదిలోకి పిలిచాడు. తలుపు గడియ పెట్టి, లేసు గుడ్డ మూల ఎత్తాడు. అక్కడ అరచేతి మేర తోలు లేచి, లోపలి పొట్టు నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. కామ్య తెల్లచెక్క ముక్క, జిగురు, ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాడు.

ఇప్పుడా బల్ల మీద గుడ్డ లేదు. దాని మూలన ఒక చక్కటి తెల్లచెక్క మిడత ఉంది. అదేమిటని అడిగినవాళ్ళకు సాలోంగో, "మా అల్లుడి గోత్రానికి మర్యాదగా పెట్టించాను," అని చెప్పి, బల్లను మాత్రం ఎవరినీ తట్టనివ్వడు.