నేను కొరకని అక్రోటు

పళ్ళ డాక్టరుని పెళ్ళి చేసుకున్నవాడి కష్టం మీకెవరికీ తెలీదు. మీ ఆవిడ మీ వంక చూసి నవ్విందంటే మీరు పొంగిపోతారు. మా ఆవిడ నవ్విందనుకోండి, నేనూ నవ్వుతాను. నేను నవ్వగానే ఆవిడ నవ్వు ఆపేసి, "కింది వరసలో గార పట్టింది, రేపు పొద్దున్న ఖాళీ ఉంచుకోండి" అంటుంది.

నేను ఇళ్ళ బ్రోకర్నని మీకు తెలుసుగా, నోటితో బతికేవాణ్ణి. కిటికీ లేని గదిని చలికాలం వెచ్చగా ఉంటుందనీ, కప్పు కారే గదిని నీటికి కొదవ లేదనీ చెప్పి అద్దెకిప్పించినవాణ్ణి. మా ఆవిడ నాకు సరిగ్గా వ్యతిరేకం. నొప్పుంటుంది, వాపుంటుంది, మానడానికి ఇన్నాళ్ళు పడుతుంది అని ఉన్నవన్నీ ముందే చెప్పేసి, వచ్చినవాణ్ణి వచ్చిన దారినే సాగనంపుతుంది.

మా ఇంట్లో ముందుగది ఆవిడ ఆసుపత్రి, వెనక గదులు మా కాపురం. ఆ మధ్య ఆవిడ సెలవు రోజులన్నీ ధారపోసి ఇంప్లాంటు పెట్టడం నేర్చుకొచ్చింది. అంటే, ఊడిపోయిన పంటి చోట దవడ ఎముకలో చిన్న మర బిగిస్తారు. నెలలు గడిచి ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక, దాని మీద కొత్త పన్ను కూర్చోబెడతారు. కొత్త మిషను వచ్చింది, గోడ మీదకి దవడ బొమ్మ వచ్చింది, పేషెంటు మాత్రం రాలేదు. ఎముకలో మర అనగానే జనం చెప్పులు వెతుక్కునేవారు. రెండు వీధుల అవతల ఒక ముసలి డాక్టరున్నాడు, ఆయన్ని మేం పీకుడు మాస్టారంటాం. పన్ను నొప్పన్నా, పంటి పక్క నొప్పన్నా ఆయన వైద్యం ఒకటే. అందరూ అక్కడికే పోయేవారు.

సాయంత్రాలు మా ఆవిడ ఆ మిషను ముందు కూచుని, తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తూ ఉండేది. విద్య చేతిలో ఉండి, చెయ్యడానికి నోరు దొరకని మనిషి మొహం ఎలా ఉంటుందో మీరు చూడలేదు. నేను చూశాను. నా మనసు చివుక్కుమంది. నాకు కింద ఎడమవైపు దవడపన్ను ఎప్పుడో పోయింది. వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"నా దవడ తీసుకో."

"మీరొద్దు."

"ఏం, ఎముక లేదా?"

"ఎముకుంది, మాట వినే గుణమే లేదు. మర బిగించడం నా పని, మాన్పుకోవడం మీ పని. పెళ్ళైన దగ్గర్నించీ మీరు నా మాట విన్న రోజు ఒక్కటి చూపించండి, ఇప్పుడే బిగిస్తాను."

చాలాసేపు ఆలోచించాను, ఒక్కటీ దొరకలేదు. చివరికి దీపం ఆర్పబోతున్నదాన్ని ఆపి, తలమీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాను. నా తలమీదే లెండి, ఆవిడ తల మీద అంత ధైర్యం చెయ్యలేదు.

ఆపరేషను సంగతంటారా, దానిదేముంది. మత్తుమందిచ్చాక మేడ మీద వాళ్ళెవరో గోడకి మేకు కొట్టుకుంటున్నట్టు చప్పుడు, అంతే. ఆవిడ చేతులు ఎంత నిదానంగా కదిలాయంటే, ఇంట్లో నా మీద కోపమొస్తే గిన్నెలు చప్పుడు చేసే చేతులు ఇవేనా అని అనుమానమొచ్చింది. ఆ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, నా పెళ్ళాం ఎంత గొప్పదో అనుకుని గర్వపడ్డాను. పైకి చెబుదామంటే నోరు ఖాళీ లేదు.

కుర్చీ దిగగానే నిబంధనలు మొదలయ్యాయి. బుగ్గ మీద ఐసు పెట్టుకోవాలి. తల ఎత్తుగా పెట్టుకు పడుకోవాలి. గట్టిగా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, వేడివేడిగా తాగకూడదు, అటువైపు నమలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నాలుకతో అక్కడ తడమకూడదు. ఎముక దాని తీరికని బట్టి అతుక్కుంటుందిట. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళని తొందరపెట్టినట్టు దాన్ని తొందరపెట్టడానికి లేదుట.

ఇక్కడ మీకో రహస్యం చెబుతున్నాను, కడుపులో పెట్టుకోండి. నేను విన్నాను. ప్రతి మాటా విన్నాను. పక్కింట్లో ఏదో వేయించుతున్న వాసన మా గోడలు దూకి వస్తుంటే, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చల్లారిన జావ తాగాను. ఎందుకంటే ఆవిడ నేర్చుకున్న చదువంతా ఆ మరలో ఉంది, ఆ మర నా దవడలో ఉంది. అది కదిలిందంటే సొంత మొగుడి పన్నే నిలబెట్టలేని డాక్టరన్న పేరు ఆవిడకి జన్మంతా మిగిలిపోతుంది.

అలా బుద్ధిగా నోరు మూసుకునుంటే కథే లేదు. వాపు ఇంకా తగ్గకుండానే గడ్డం గీయించుకోడానికి సెలూనుకి వెళ్ళాను. సెలూనతన్ని మేం గెజెట్టు అంటాం. ఆ కుర్చీలో అన్న మాట ఏదైనా పొద్దుగూకేలోపల వీధంతా అచ్చయిపోతుంది.

"ఏంటన్నా ఆ బుగ్గ? వదిన కొట్టిందా?" అన్నాడు.

వాచింది, జావ తాగుతున్నాను అన్నానంటే ఆవిడ గుమ్మం ఇంకెవరైనా తొక్కుతారా? బ్రోకరు నాలుక తనంతట తనే లేచింది. పొద్దున్న మర బిగించిందనీ, మధ్యాహ్నం కడుపునిండా భోంచేశాననీ, సాయంత్రానికి అక్రోటు కాయని పెంకుతో సహా పటుక్కుమనిపించాననీ చెప్పాను. మరి వాపెందుకని అడిగాడు. వాపు కాదురా, బలం, ఒక్క మర బిగిస్తే దవడ మొత్తానికి బలమొస్తుంది అన్నాను. వాపుని చూసి బలుపనుకోవడం అని సామెత ఉంది చూశారూ, దాన్ని వ్యాపారంలో పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాటికి నా అక్రోటు దోసెడు అక్రోట్లయింది. ఆ మర్నాడు నేను పంటితో గోడలో మేకు పీకానని నాకే ఎవరో చెప్పారు. అసలక్కడ ఇంకా పన్నే లేదని, చిగురు కింద మర ఒక్కటే ఉందని ఒక్కడికీ తట్టలేదు.

కానీ గుమ్మంలో చెప్పులు కనిపించసాగాయి. ఇంప్లాంటు సంగతి కనుక్కుందామని ఒకరి వెనక ఒకరు వచ్చారు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఉన్నట్టుండి ఇంతమందికి ఈ తెలివెలా వచ్చిందో అని ఆశ్చర్యపోతుంటే, నేను జావ గిన్నె చాటున మీసం తిప్పుకున్నాను.

మొదట మర బిగించుకున్నది బెత్తం టీచరు. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, మా వీధిలో సగం మంది వీపులకి ఆవిడ గుర్తుంటుంది. ఎడమవైపే పెట్టించుకుంది, ధైర్యంగా లేచి వెళ్ళింది. బయటివాళ్ళలో మొదటి పేషెంటని ఆ రాత్రి మా ఆవిడకి సంతోషంతో నిద్రపట్టలేదు.

కొద్ది రోజులకే టీచరు తిరిగొచ్చింది. నేను వెనకగదిలో మధ్యాహ్నపు జావ కలుపుకుంటున్నాను. ముందుగది బెంచీ మీద నలుగురైదుగురు కూచున్నారు. టీచరు బల్ల మీద రుమాలు విప్పింది. అందులో విరిగిన పంటిముక్క ఒకటి, చెక్కు చెదరని అక్రోటు కాయ ఒకటి ఉన్నాయి.

"ఒక మర బిగిస్తే దవడ మొత్తానికి బలమొస్తుందన్నారు. మర మీద నాకింకా పన్ను లేదు కాబట్టి కుడివైపు పాత పంటితో పరీక్ష చేశాను. పన్ను విరిగింది, కాయ విరగలేదు. మీ ఆయనకి ఆ సాయంత్రానికే ఎలా విరిగిందో నాకు తెలియాలి. పిలువమ్మాయ్."

మా ఆవిడ మొదట టీచరుని కుర్చీలో కూచోబెట్టి ఎడమవైపు చూసింది. మర ఉన్న చోట కుట్లు చెక్కుచెదరలేదు. ఊపిరి పీల్చుకుని, అప్పుడు నన్ను పిలిచింది. గిన్నె చేత్తో అలాగే వెళ్ళి, బెంచీ మీది మొహాలూ బల్ల మీది కాయా చూసేసరికి నాకు సంగతి అర్థమైపోయింది. మా ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏం చెప్పారండీ వీళ్ళకి?" అంది. గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది.

టీచరు అక్రోటు నా చేతిలో పెట్టింది. "కొరుకు నాయనా. ఎడమవైపు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొరికితే మర కదులుతుంది. కొరక్కపోతే నా మాట నమ్మి వచ్చినవాళ్ళు లేచి నేరుగా పీకుడు మాస్టారి దగ్గరికి పోతారు. మా ఆవిడ వైపు చూశాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. పరువు పోయినా ఫరవాలేదు, మర పోకూడదని ఆ చూపులో ఉంది.

కాయ బల్ల మీద పెట్టేశాను. "నేను అక్రోటు ముట్టుకోలేదు టీచరుగారూ. జావ తాగుతున్నాను" అని గిన్నె చూపించాను.

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు నించీ."

"స్ట్రా వాడావా?"

"లేదండీ."

"నాలుకతో తడిమావా?"

"ఒక్కసారి కూడా లేదండీ" అన్నాను.

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. "అంటే వదిన చెప్పినవన్నీ విన్నావన్నమాట" అన్నాడొకడు. అబద్ధాలకోరంటే నాకేం సిగ్గులేదండీ, బ్రోకరు వృత్తిలో అది అనుభవం కింద లెక్క. కానీ పెళ్ళాం మాట అక్షరం పొల్లుపోకుండా విన్నవాడని నలుగురిలో తేలిపోయాక, ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మా ఆవిడ నన్ను కుర్చీలోకి తోసి, దీపం దించి, నోరు తెరిపించింది. ముందు టీచరుని పిలిచింది. తరవాత బెంచీ మీద వాళ్ళని ఒక్కొక్కర్ని పిలిచింది. ఎక్కడ కోశానో కనిపెట్టండి అంది. టీచరు కళ్ళజోడు సవరించుకుని ఎంత వెతికినా గుర్తు దొరకలేదు.

"ఇందులో నా చేతి గొప్ప సగమే" అంది మా ఆవిడ. "మిగతా సగం ఈయనది. నొప్పుంటుంది, వాపుంటుంది, నెలల తరబడి ఓపిక పట్టాలి. నేను దాచను. కానీ వింటే ఇలా మానుతుంది. ఈయనే విన్నారంటే, ఇంక వినలేనివాళ్ళెవరూ ఉండరు."

ఆ చివరి మాటకి బెంచీ మొత్తం తలూపింది. ఒక్కరు కూడా లేచి పోలేదు. నేను అన్ని అబద్ధాలతో లాక్కొచ్చినవాళ్ళని ఆవిడ ఒక్క నిజంతో కట్టిపడేసింది. విరిగిన పన్ను సంగతి కూడా నువ్వే చూడమ్మాయ్ అంది టీచరు. వెళుతూ వెళుతూ నా వీపు తట్టింది. బెత్తం లేకుండా ఆవిడ ఆ పని చెయ్యడం అదే మొదటిసారనుకుంటాను.

అప్పట్నించీ నా నోరు మోడల్ ఫ్లాటైపోయింది. కొత్త పేషెంటు ఎవరొచ్చినా నన్ను పిలిచి దీపం కింద కూచోబెడుతుంది. జనం తొంగి చూసి, గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయన్నట్టు తలూపి వెళతారు. ఆ తరవాత జావ పలచగా ఎలా కాచుకోవాలో నేను వాళ్ళకి చెప్పాలి, ఒక్క ముక్క పెంచకుండా.

నా అబద్ధం బయటపడిన ఆ సాయంత్రం మాత్రం తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూచుంది. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నా చదువు మీ నోట్లో పెట్టాను. ఇంత జాగ్రత్తగా కాపాడతారనుకోలేదు" అంది. నా ఛాతీ ఉబ్బిపోయింది. సరిగ్గా అప్పుడే మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళూ మీకు చెప్పినట్టు వినడం చేతకాదనుకున్నాను. పాపం, పుట్టుకతో వచ్చిన లోపమని ఊరుకున్నాను. చేతనవునని ఇవాళ వీధంతా చూసింది కదా. రేపట్నించి పొద్దున్నే నడక. కాఫీలో పంచదార సగం. ఉతికిన బట్టలు ఆరెయ్యడం, ఆరినవి మడతపెట్టడం మీదే."

నా వల్ల కాదు అనబోయాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా. ఈసారి గార మాట కూడా ఎత్తలేదు.

సరే, నేను లేవాలి. మబ్బు పట్టేలోపల బట్టలు తియ్యమంది. నవ్వకండర్రా. మీలో ఎవరికైనా ఊడిన పన్నుంటే చెప్పండి, నేనే దగ్గరుండి తీసుకెళతాను. వీధి మొత్తానికి ఒక్కణ్ణే బుద్ధిమంతుణ్ణై ఉండటం మహా కష్టంగా ఉంది.